వాగు అవతలి సన్నాయి

"ఆపిన మెంబర్ సాబ్!" అంటూ ఆశీర్వాదం పందిట్లోకి వచ్చాడు.

మునిసిపాలిటీ వాళ్ళిచ్చిన ఖాకీ చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయింది. చేతిలో కర్ర. ముఖంలో పండుగ. వాగు వంతెన దగ్గర నాకా కాపలా అతనిది.

అంబదాస్ పందిరి గుంజకు అరటిచెట్టు కడుతున్నాడు. "ఎవరినాపినవ్?" అన్నాడు తల తిప్పకుండానే.

"లైసెన్ లేని సన్నాయోన్ని. ఒక్క అడుగు ఇవతలికి పెట్టనియ్యలే."

"శాబాష్. ఏ ఊరోడు?"

"నల్లగుట్టోడు సాబ్. సిద్దిరాములట."

అంబదాస్ తాడు వదిలేశాడు. అరటిచెట్టు ఒక పక్కకు ఒరిగింది.

"వాని ఎనుక ఎవరున్నరు?"

"ఎనుక మీ అల్లుడున్నడు. అల్లుని అవ్వబాపులున్నరు. లారీ నిండ చుట్టాలున్నరు. సన్నాయి రాకుంటే మేము గూడ రామని వంతెన కింద ఇసుకల కూసున్నరు. మంచిగనే కూసున్నరు సాబ్, ఫికర్ లేదు."

వంటపొయ్యిల దగ్గర గరిటెల చప్పుడు ఆగింది. అనసూర్య కొంగు నడుముకు దోపుకొని బయటికి వచ్చింది. పెళ్ళికూతురి తల్లి. తెల్లవారకముందునుంచీ కాలు నిలవలేదు. ఇప్పుడు నిలిచింది.

"ఏమంటివి ఆశీర్వాదం? మల్లొక్కసారి చెప్పు."

ఆశీర్వాదం మళ్ళీ చెప్పాడు. ఈసారి గొంతు కాస్త తగ్గింది.

"పెండ్లికొడుకును ఆపినవా?"

"పెండ్లికొడుకును ఆపలేదమ్మా. ఆయన రావచ్చు. పెండ్లి చేసుకునెతందుకు లైసెన్ ఇంక పెట్టలే."

"పెట్టలేదా? మరిచిపోయిండేమో. మీ సాబుకు జర యాది చెయ్యి." ఆమె మొగుడి వైపు చూసింది. "పెరట్లకు రా."

ఆ ఇంట్లో పోట్లాటకు చోటు పెరడే. ముందింట్లో మగ్గాలు. నడిమింట్లో ఐరేని కుండలు, పెళ్ళికూతురు, ముత్తయిదువలు. పెరట్లో జామచెట్టు, రంగులద్దే తొట్టి మాత్రమే ఉన్నాయి. అవి ఇరవై ఏళ్ళుగా అన్నీ విన్నాయి.

పోట్లాడటానికి ఇంట్లో ఇంకో మనిషి ఉండటం ఎంత భాగ్యమో అంబదాస్‌కు తెలియదు. ఉన్నవాళ్ళెవరికీ తెలియదు.

"సన్నాయి లైసెన్ గూడ ఇచ్చెయ్యి ఆ సిద్దిరాములుకు," అంది అనసూర్య.

"ఇయ్యరాదు. ఆయనకు గడ్డం గీసే కత్తి లైసెన్ ఉన్నది. ఒకటున్నోనికి రెండోది ఇయ్యరాదు."

"ఎవరు చెప్పిన్రు?"

"రూలున్నది."

"రూలెవరు రాసిన్రు?"

అంబదాస్ రంగుల తొట్టిలోకి చూశాడు. జామచెట్టు మీద కాకి మాట్లాడింది.

రాసింది అంబదాసే. అతను మంచివాడు. మంచివాళ్ళు పట్టుబట్టి చేసినంత నష్టం చెడ్డవాళ్ళు చేయలేరు. చెడ్డవాళ్ళకు మధ్యలో విసుగు పుడుతుంది.

పోయిన ఏడు జాతరలో ఎక్కడినుంచో వచ్చినవాళ్ళు చెట్ల కింద పీటలు వేసి ఊరి మగవాళ్ళ గడ్డాలు గీశారు. ఒకే కత్తి, ఒకే చెంబు నీళ్ళు. వారం తిరిగేసరికి సగం బజారు గడ్డాలకు పసుపు పూసుకొని తిరిగింది. అనసూర్య తమ్ముడి దవడకు చీము పట్టి మంచిర్యాల దవాఖానలో పడుకోవలసి వచ్చింది. అంబదాస్ మునిసిపల్ కమిటీలో లేచి నిలబడ్డాడు. వాగుపేటలో పనిచేసే ప్రతివాడికీ వాగుపేట లైసెన్సు ఉండాలన్నాడు. అందరూ బల్లలు చరిచారు.

అక్కడ ఆగితే బాగుండేది. బల్లల చప్పుడు విన్న మనిషి ఆగడు. కత్తి తరువాత గ్యాసుబత్తీలవాళ్ళు వచ్చారు. వాళ్ళ తరువాత పెళ్ళి వంటవాళ్ళు, ఆ తరువాత బ్యాండు, సన్నాయి. చివరికి ఇంకో ముక్క కూడా చేర్చాడు. ఒక మనిషికి ఒకే పని, ఒకే లైసెన్సు.

అది చేనేత సంఘం పద్ధతి. అక్కడ ఒక మగ్గానికి ఒకటే కార్డు, ఆ కార్డు మీదే నూలు. రెండు కార్డులున్నవాడు దొంగ. ఏళ్ళ తరబడి సంఘంలో నూలు పంచిన అంబదాస్ ఊరంతటినీ మగ్గాల వరసగా చూశాడు.

వాగుపేటలో ఆ ముక్క ఎవరికీ నొప్పి కలిగించలేదు. అక్కడ ఎప్పుడో అన్నదమ్ములు పంచుకున్నప్పుడు ఒకరు కత్తిపెట్టె తీసుకున్నారు, ఒకరు సన్నాయి తీసుకున్నారు. గీసేవాడు ఊదడు, ఊదేవాడు గీయడు. మిగతా జిల్లాలో రెండూ ఒకే చేతి పనులు. ఆ సంగతి అంబదాస్‌కు తెలుసు. రాసేటప్పుడు తోచలేదు.

సిద్దిరాములుకు కత్తి లైసెన్సు కిందటి నెల తానే దగ్గరుండి ఇప్పించాడు. విడిదింట్లో మైలపోలు స్నానం చేయించేటప్పుడు పెళ్ళికొడుకు గోళ్ళు తీయాలి కదా. ఆ గోళ్ళు తీసే మనిషే ముందు నడిచి, సన్నాయి ఊదుతూ పెళ్ళికొడుకును ఊళ్ళోకి తేవాలి. వియ్యంకుడు సాంబయ్య ఇంటి ఆచారం అది. గోళ్ళు అంబదాస్ లెక్కలోకి వచ్చాయి. సన్నాయి రాలేదు.

"కత్తికి పెట్టినవ్, మంచిదే," అంది అనసూర్య. "నా తమ్ముని దవడ సూసినోల్లు ఎవ్వలూ వద్దనరు. సన్నాయికెందుకయ్యా? సన్నాయికి చీము పడ్తదా?"

"నీకెరుక లేదు. మన ఊరి సన్నాయోడు పర్శరాములు, వాళ్ళోల్లు వచ్చి నా ముంగట ఏడ్సిన్రు. పై ఊర్లోల్లు వచ్చి పెండ్లిల్లన్నీ కొంటవోతున్నరు, మేమేం తినాలె అన్నరు. ఊరికి పన్ను కట్టేది వాళ్ళు. పంద్రాగస్టుకు జెండా కాడ ఉత్తగ ఊదేది వాళ్ళు. ఊరు వాళ్ళను సూడకుంటే ఎవరిని సూస్తది?"

"సూసినవ్ గద. సూసినంక ఏమైంది? అంతకుముందు పర్శరాములు పొద్దుగాలనే వచ్చి అరుగు మీద కూసుంటుండె. మొన్న మాఘంల యాదవ్వ బిడ్డ పెండ్లికి తలంబ్రాలయినంక వచ్చిండు. ఏమన్న అందామంటే ఇంకొకన్ని పిలువరాదాయె."

"ఒకన్ని వదిలితే రేపు అందరొస్తరు. ఊరికొక రూలు, మెంబరు యియ్యంకునికొక రూలా? రేపు బజార్ల ఎట్ల తిరగాలె నేను?"

"బిడ్డ పెండ్లాగితే తిరుగుతవా?"

నడిమింట్లోంచి ముత్తయిదువల పాట వినిపిస్తున్నది. వాళ్ళకింకా తెలియదు.

"పోనీ," అన్నాడు అంబదాస్, కొత్త ఆలోచన వచ్చినవాడిలా. "పెండ్లే వాగు అవతల చేద్దాం. ఇసుక మీద పందిరేస్తే ఎంతసేపు..."

"ఐరేని కుండలు నిలిపినం. కడప దాటిస్తవా?"

కుమ్మరింటినుంచి తెచ్చిన ఐరేని కుండలను వడ్ల మీద నిలిపాక, పెళ్ళి ముగిసేదాకా ఆ ఇంట్లో కదపరు. ఆ కట్టుబాటు రాసింది అంబదాస్ కాదు. కనుక దాన్ని మార్చే ఆలోచన అతనికి రాలేదు.

"నేను పోయి సాంబయ్యతోని మాట్లాడుత," అన్నాడు.

"మాట్లాడు. మాట్లాడుడు నీకు మంచిగ వస్తది. కమిటీల బల్లలు కొడ్తరట గద."

కండువా తీసుకుందామని అంబదాస్ నడిమింట్లోకి వెళ్ళాడు. పీట మీద కూర్చొని ఉన్న నర్మద తలెత్తింది. ఒంటినిండా పసుపు, నుదుటి మీద బాసికం కట్టడానికి తీసిపెట్టిన దారం. పాట ఆగింది. ముత్తయిదువలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వార్త వంటింటి దారిన వచ్చేసింది.

అంబదాస్ కండువా దులిపాడు. మళ్ళీ దులిపాడు. దానికి దుమ్మేమీ లేదు.

"బాపూ," అంది నర్మద.

"ఏందిరా?"

"వాళ్ళు ఎండల ఉన్నరా, నీడకున్నరా?"

"వంతెన కింద ఉన్నరట. నీడనే."

"అయితే మంచిది. ఆయనకు ఎండ పడదు. తలనొస్తది."

"నీకెట్లెరుక?"

నర్మద చేతుల పసుపు వైపు చూసుకుంది. ఒక ముత్తయిదువ పకపకా నవ్వింది. తక్కినవాళ్ళు నోళ్ళకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. అంబదాస్ గబగబా గడప దాటాడు. కూతురు ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. అని ఉంటే అతనికి తేలికగా ఉండేది.

వాగు దగ్గరికి చేరేసరికి సగం ఊరు ఇవతలి ఒడ్డున ఉంది.

అవతల సిద్దిరాములు సన్నాయి ఊదుతున్నాడు. వంతెన నడిమి రాయి వాగుపేట హద్దు. ఆ రాతికి కాలి బొటనవేళ్ళు ఆనించి నిలబడ్డాడు. పొట్టి మనిషి, పెద్ద తలపాగా. బుగ్గలు ఉబ్బించి, కళ్ళు మూసుకొని ఎదురుకోళ్ళ పాట ఊదుతుంటే ఇవతల ముసలివాళ్ళు కూడా తలలూపుతున్నారు.

ఆశీర్వాదం కర్ర అడ్డంపెట్టాడు. "ఏయ్, సన్నాయి మూతి ఇవతలికొచ్చింది. ఎనుకకు జరుగు."

సిద్దిరాములు కళ్ళు తెరవకుండానే అర అడుగు వెనక్కు జరిగాడు. పాట మాత్రం జరగలేదు. వాగుపేట వీధుల్లోకి హాయిగా పోతూనే ఉంది.

"రా బావా, రా!" సాంబయ్య ఇసుకలోంచి వంతెన మీదికి ఎక్కివచ్చాడు. బెల్లంపల్లి వైపు బొగ్గుబాయిలో కూలీల మీద సర్దారు. ఎత్తుకు తగ్గ గొంతు. "మా నల్లగుట్ట గాలి గూడ మీ ఊర్లకు వస్తున్నది. దానికి లైసెన్ తియ్యాల్నా? చెప్పు, తీసుకుంట."

ఇసుకలో పెళ్ళివారు పగలబడి నవ్వారు. వాళ్ళు అప్పటికే పల్లీలు వేయించుకొని తింటున్నారు. కొందరు వాగులో స్నానాలు కూడా ముగించారు. అలిగిన పెళ్ళివారిలా లేరు. జాతరకు వచ్చినట్టున్నారు. పెళ్ళికొడుకు ఒక్కడే నీడలో నిలబడి ఊరి వైపు చూస్తున్నాడు.

"నవ్వులాటకు టైం గాదు బావా," అన్నాడు అంబదాస్. "ముహూర్తం మీదికొస్తున్నది. మా పర్శరాములు ముంగట ఊదుకుంట నడుస్తడు. మీ సిద్దిరాములును ఒట్టిగ నడువనియ్యి. విడిదింట్ల గోళ్ళు ఆయననే తియ్యనియ్యి. రెండు మాటలు నిలుస్తయి."

"ఒట్టిగ నడువనీకి ఆయనేమన్న దొంగతనం చేసిండా అన్నా?" కిందినుంచి పెళ్ళికొడుకు తల్లి ఐలవ్వ అరిచింది. "నా కొడుకు పుట్టిననాడు ఊదింది గా సన్నాయే. నా కొడుకు పెండ్లికి అది సంచిల ఉంటదా? లారీ తిప్పిస్త సూడు."

లారీ డ్రైవరు పల్లీలు తినడం ఆపి చూశాడు. నవ్వులు ఆగాయి.

సాంబయ్య గొంతు తగ్గించాడు. "బావా, నిజం మాట్లాడుదాం. లైసెన్ వద్దని నేను గూడ అన. మా బాయిల బొగ్గు పేల్చేటోనికి సర్టిఫికెట్ ఉండాలె. లేకుంటే నేనే లోపలికి దిగనియ్య. వాడు తప్పు చేస్తే పదిమంది పోతరు. కాని ఒక బాయిల పాసైనోడు ఇంకో బాయిలకు పోతే మల్ల మొదటినుంచి పరీక్ష పెట్టరు. గా సర్టిఫికెట్ అంతట నడుస్తది. మీ ఊరికొకటి, మా ఊరికొకటి, మంచిర్యాలకొకటి అంటే మనిషి పని ఎప్పుడు చెయ్యాలె, లైసెన్లు ఎప్పుడు తియ్యాలె?"

"మీ సిద్దిరాములుకు మీ ఊర్ల సన్నాయి పరీక్ష ఎవరు పెట్టిన్రు?"

"మేమే పెట్టినం. ప్రతి పెండ్లికి పెడుతనే ఉన్నం. ఒక్కనాడు తప్పూదినా ఐలవ్వ ఇడుస్తదా?"

అంబదాస్‌కు నవ్వు వచ్చింది. అణచుకున్నాడు. "బావా, మీ ఊరోల్లకు మీ ఊరు ఎరుక. మా ఊరికొచ్చి తప్పు చేసి రైలెక్కిపోతే నేనెవరిని పట్టుకోవాలె? జాతరల గట్లనే జరిగింది. నా బామ్మర్ది దవడ సూడు, ఇంక గుంత ఉన్నది."

"సన్నాయి ఊది రైలెక్కిపోతే ఏం గుంత పడ్తది బావా?"

పొద్దుటినుంచీ ఈ ప్రశ్న రెండోసారి. అంబదాస్ తన దవడే తడుముకున్నాడు.

అంతలో పర్శరాములు వచ్చాడు. జరీ తలపాగా, చంకలో సన్నాయి, ముఖంలో తొందర. వాగుపేట సన్నాయి లైసెన్సుల్లో మొదటిది అతనిదే, తక్కినవాళ్ళకు పరీక్ష పెట్టేదీ అతనే. వంతెన మీద ఒక నిమిషం నిలబడి అవతలి పాట విన్నాడు. తల తనంతట తానే ఊగింది.

"మంచిగనే ఊదుతుండు సాబ్. పరీక్ష పెడితే పాస్ చేస్తుంటి. కాని కత్తి లైసెన్ ఉన్నదాయె. నేనేం చేస్త?" చంకలోంచి సన్నాయి తీశాడు. "జర జల్ది కానియ్యిన్రి. చైర్మన్ సాబ్ చెల్లె ఇంట్ల గూడ ఇదే ముహూర్తం."

"ఏందీ? రెండు పెండ్లిళ్ళు ఒప్పుకున్నవా?"

"రెండు గాదు సాబ్, మూడు. ఊర్ల లైసెన్ ఉన్నోల్లం ఎంతమందిమి? ఎవ్వలకు కాదనాలె?"

"మరి తలంబ్రాలకు?"

"వస్త. వీలైతే వస్త. ఎదురుకోళ్ళు మాత్రం పక్కా ఊది పోత."

ఆ మాట అన్నప్పుడు అతని గొంతులో ఏ చెడూ లేదు. బజారులో ఒకటే దుకాణం ఉంటే దుకాణదారు అలాగే మాట్లాడతాడు. కిందటి ఏడు ఇదే మనిషి అంబదాస్ అరుగు మీద కూర్చొని కళ్ళు తుడుచుకున్నాడు. అవి నిజమైన కన్నీళ్ళే. ఇప్పటి తొందరా నిజమైనదే.

అంబదాస్ అవతలికి తిరిగాడు. "సిద్దిరాములూ! జర ఆపు. నా మాటిను."

పాట ఆగింది. ఇవతలి ఒడ్డున ముసలివాళ్ళు ఉసూరుమన్నారు.

"కత్తి లైసెన్ నాకు తిరిగియ్యి. ఇక్కడ్నే సన్నాయిది రాసిప్పిస్త."

"మరి గోళ్ళెవరు తీస్తరయ్యా?"

"మా ఊరోడు తీస్తడు."

సిద్దిరాములు సన్నాయిని పంచెకు తుడిచాడు. "పిల్లగాని పుట్టెంట్రుకలు నేను తీసిన. పెండ్లి గోళ్ళు ఇంకొకడు తీస్తే నల్లగుట్టల నా మొకం ఎట్ల సూపించాలె? కత్తికి ఒక చెయ్యి గావాలె, సన్నాయికి రెండు గావాలె. నాకు మూడు లేవయ్యా. ఉన్న రెండింటితోనే ఇన్నేండ్లు ఎల్లదీస్తున్న. నువ్వు అందుల ఒకటి తీసి పక్కన పెట్టుమంటున్నవ్."

అతను కోపంగా అనలేదు. ఎండలో నిలబడి చల్లగా చెప్పాడు. సాంబయ్య కూడా నవ్వలేదు.

ఇవతలి ఒడ్డున కలకలం. అనసూర్య ఆడవాళ్ళను వెంటబెట్టుకొని వచ్చింది. ఎదురుకోళ్ళకు బెల్లం పానకం బిందె, బుక్కగులాలు పళ్ళెం. వెనుక అయ్యగారు పంపిన మనిషి, ముహూర్తం దాటిపోతున్నదని కబురుతో. వాళ్ళంతా వంతెన మొదట్లో ఆగిపోయారు. అందరి చూపూ అంబదాస్ మీద.

అంబదాస్ చాలాసేపు వాగు ఇసుక వైపు చూశాడు.

"ఆశీర్వాదం."

"సాబ్."

"లైసెన్ లేనోడు ఊర్ల ఊదితే కేసు ఎవరి మీద?"

"పిలిచినోల్ల మీద సాబ్. మీరే రాసిన్రు."

"రాసుకో. ఆయనను నేను పిలిచిన. నా ఇంటికి, నా బిడ్డ పెండ్లికి."

ఆశీర్వాదం కర్ర కిందికి దిగింది. అతను దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "సాబ్, కేసు వడ్డ మెంబరు కమిటీ కుర్చీల కూసోరాదు. అది గూడ మీరే రాసిన్రు."

"ఎరుకే."

"మల్ల జర సోంచాయించుకోన్రి."

"రూలు నేను తప్పుతలేను ఆశీర్వాదం. రూలు ప్రకారమే పోతున్న. కట్టె తియ్యి."

మొండివాడు ఓడిపోయేటప్పుడు కూడా తన పద్ధతి ప్రకారమే ఓడిపోతాడు. ఆశీర్వాదం కర్ర తీసి చంకలో పెట్టుకున్నాడు. అతని ముఖంలోని పండుగ పోయింది.

సాంబయ్య వచ్చి వియ్యంకుడి భుజం మీద చెయ్యి వేశాడు. వేళాకోళానికి మాట వెతికినట్టున్నాడు, దొరకలేదు.

మాట్లాడింది అనసూర్యే. పొద్దుటినుంచీ అరిచిన మనిషి, ఇప్పుడు గొంతు చిన్నది చేసి. "కుర్చీ ఇడిసిపెడ్తే అందుల ఎవరు కూసుంటరు?"

"నూలు సేటు," అన్నాడు అంబదాస్. "ఎప్పటిసంది కాసుక కూసున్నడు."

"సేటు వస్తే సంఘం నూలు సంగతేంది?"

"ఏమైతది? సంఘం గోదాముకు లైసెన్ లేదంటడు. తాళమేస్తడు."

ఆ మాట నేతగాళ్ళందరికీ అర్థమైంది. సంఘానికి తాళం పడితే నూలు సేటు చెప్పిన ధరకే కొనాలి.

"దీనికేంది బావా పరేషాను?" సాంబయ్యకు మాట దొరికింది. "మా అనసూర్య చెల్లెను ఓట్లకు నిలవెట్టు. సేటు ఒక్క దినం నిలవడు ఆమె నోటి ముంగట."

అందరూ నవ్వారు. ఇసుకలోవాళ్ళు, ఒడ్డుమీదివాళ్ళు, చివరికి అంబదాస్ కూడా.

అనసూర్య నవ్వలేదు. "ఆడోల్లు నిలవొచ్చునా ఆశీర్వాదం?"

"నిలవొచ్చమ్మా. మా గుడి కాడి రిబ్కమ్మ నిలుస్తనన్నది. వాళ్ళాయన వద్దన్నడు."

"ఓహో," అంది అనసూర్య. పానకం గ్లాసు నింపి ముందు ఐలవ్వకు అందించింది. "తాగు వదినె. ఎండల కూసోవెట్టినం, ఏమనుకోకు."

"ఎండ గాదు, నీడనే," అంది ఐలవ్వ. గటగటా తాగింది. "బెల్లం మంచిగున్నది. లారీ తిప్పన్లే."

పర్శరాములు పక్కకు వచ్చాడు. నవ్వుతున్నట్టే ఉన్నాడు గాని సన్నాయిని రెండు చేతులా పట్టుకున్నాడు. "అక్కా, నువ్వు మెంబరైతే సన్నాయి లైసెన్ తీసేస్తవా ఏంది?"

"ముందుగాల నువ్వు చెప్పు. తలంబ్రాలకు ఉంటవా, పోతవా?"

పర్శరాములు చైర్మన్ చెల్లెలి వీధి వైపు చూశాడు. అనసూర్య ముఖం వైపు చూశాడు. "ఉంటనక్కా. ఆడికి మా తమ్మున్ని పంపుత."

"మీ తమ్మునికి లైసెన్ ఉన్నదా?"

పర్శరాములు తలపాగా సర్దుకున్నాడు. అది బాగానే ఉంది. ఆశీర్వాదం చంకలోని కర్ర మళ్ళీ చేతిలోకి వచ్చింది.

"కట్టె దాసుకో ఆశీర్వాదం, ఇయ్యాల పెండ్లి," అంది అనసూర్య. "పర్శరాములు, పో, ఆయన పక్కన నిలవడు. ఇద్దరు కలిసి ఊదున్రి."

ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. ఒకరు పొట్టి, ఒకరు పొడుగు. మొదట ఎవరి పాట వారిది. నాలుగడుగులు వేసేసరికి సిద్దిరాములు ఎత్తుకున్నదాన్ని పర్శరాములు అందుకున్నాడు. వంతెన నడిమి రాయి దాటి పెళ్ళికొడుకు ఊళ్ళోకి అడుగు పెట్టాడు. బుక్కగులాలు గాలిలోకి లేచింది. వియ్యంకుడి మీసాలు ఎర్రబడ్డాయి. ముసలివాళ్ళు పిల్లలను పక్కకు నెట్టి ముందుకు నడిచారు.

అంబదాస్ గుంపు వెనుక ఒంటరిగా నడుస్తున్నాడు. కుర్చీ వదులుకున్నాడు. కాని లైసెన్సు తప్పని మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. మనసులోనైనా సరే.

అనసూర్య ఖాళీ బిందె చంకన పెట్టుకొని అడుగు కలిపింది.

"సాంబయ్యన్న నవ్వులకన్నడు. నేను నవ్వులకంటలేను," అంది. "నేను నిలుస్త. కత్తి లైసెన్ ఉంచుత. పై ఊర్ల తీసింది గూడ ఈడ చెల్లుతదని రాస్త. సన్నాయిది తీసేస్త, వంటోల్లది సూస్త. నీ రూలుల సగం పోతది. నాకు ఓటేస్తవా?"

"పెండ్లి కానియ్యి ముందు."

"మన పెండ్లి ఎప్పుడో అయింది. ఓటు సంగతి చెప్పు."

సన్నాయిలు రెండూ తారస్థాయిలో ఉన్నాయి. అంబదాస్ చెవి మీద చెయ్యి పెట్టుకొని, వినబడటం లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

అనసూర్య ఆగింది. అతనూ ఆగక తప్పలేదు.

సరిగ్గా అప్పుడే ముందు నడుస్తున్న ఇద్దరూ ఊపిరి తీసుకోవడానికి ఒక్కసారే సన్నాయిలు దించారు. వీధి వీధంతా నిశ్శబ్దమైంది. సాంబయ్య, పర్శరాములు, ఆశీర్వాదం వెనక్కు తిరిగి చూశారు.

"చెప్పు," అంది అనసూర్య.